డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: సంగ్రహణి నుంచి ఫోలిక్ ఆమ్లం దాకా

వైద్యశాస్త్రంలో పేరు తెచ్చుకున్న తెలుగువారిని తలచుకుంటే ముందుగా గుర్తుకొచ్చేది డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన జీవితాన్నే మేము ఎంచుకోవడానికి కారణం ఉంది. పెద్ద తరగతుల పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం రంగు మాత్రలో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మింగినట్టు నటించి గోడ అవతలకు విసిరేసే తమ్ముళ్ళు ఏ హాస్టల్లోనైనా ఉంటారు. ఆ మాత్ర కథలో ఒక ఇంటి చావులు ఉన్నాయి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు సంతానంలో నాలుగోవారు. తండ్రి జగన్నాథం గారు చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పదమూడో ఏట సుబ్బారావు గారు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇల్లు విడిచారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. సప్లిమెంటరీ రాసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. ఆయన పుట్టిన కులానికి బడి తలుపులు తెరిచే ఉన్నాయి, మన తాతలకు మూసి ఉన్నాయి. ఆ తేడాను దాచనక్కరలేదు. కానీ ఫీజు కట్టాల్సిన రోజున చేతిలో డబ్బు లేకపోవడం ఆయనకూ తెలుసు.

స్నేహితులు, మామగారు ఆదుకుంటే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు దుస్తులు వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు.

ఆ కాలంలోనే అన్న పురుషోత్తం గారు, తమ్ముడు కృష్ణమూర్తి గారు కొద్ది రోజుల తేడాలో సంగ్రహణితో చనిపోయారు. ఇంగ్లీషు వైద్యులు దీన్ని స్ప్రూ అంటారు. పేగు లోపలి పొర చెడిపోయి, తిన్న కొవ్వూ విటమిన్లూ ఒంటికి పట్టవు. విరేచనం జిడ్డుగా పోతుంది, నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. కంచంలో అన్నం ఉన్నా మనిషి ఎండిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

అమెరికా ప్రయాణానికి సాయపడిన వాటిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ఒకరెవరో సంపాదించి చదువుల కోసం విడిచిన సొమ్ముతో ఆయన ఓడ ఎక్కారు. స్కాలర్‌షిప్పు మీద చదివే మనకు ఇది కొత్త కాదు. హార్వర్డులో చదువుతూ రాత్రిళ్ళు ఆసుపత్రిలో పాకీ పని కూడా చేశారని చెబుతారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లోను, కండరాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. 1929లోను ఫిస్క్ గారితో కలిసి లోకానికి తెలిపారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు.

మన ఒంటికి కావలసినవన్నీ ఒళ్ళే తయారు చేసుకోలేదు. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలు తిండి నుంచే రావాలి. ఫోలిక్ ఆమ్లం సంగతీ అంతే. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ అనే వైద్యురాలు ఈస్టు సారంతో నయం చేశారు. అందులో పనిచేసినదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని తీసి, లాటిన్‌లో ఆకు అనే మాటతో పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. అప్పటి నుంచి అది చవకగా, కావలసినంత దొరికింది. స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పట్టింది. (తోటకూర, పాలకూరల్లోనూ ఉంటుంది. గంటసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. వంటవాళ్ళకు ఈ మాట చెప్పాలి.)

అదే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. దానితో పిల్లల రక్త క్యాన్సర్ కొంతకాలం తగ్గుముఖం పట్టిందని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చూపారు. గోదావరి జిల్లాల్లో బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర కూడా ఆ లాబొరేటరీదే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో ఆయన విభాగం నుంచే వచ్చింది. ఈనాడు సంగ్రహణికి ఇచ్చే మందులు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు రెండు దారులూ ఆయన గది గుండానే సాగాయి.

అదే సంవత్సరం ఆగస్టు 8న న్యూయార్కులో 53వ ఏట ఆయన కన్నుమూశారు. ఒక్కసారైనా స్వదేశానికి తిరిగి రాలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు. ఓడ ఎక్కిన తరువాత భార్య శేషగిరి గారు ఆయన్ను మళ్ళీ చూడలేదు.