ఇంటర్నెట్ నంబర్లకు ఆయనే కరణం!

క్యాంపస్ ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నారా? నెట్‌వర్కింగ్ మీద ఒక్క ప్రశ్నయినా తప్పదు. ఎఫ్‌టీపీ పోర్ట్ నంబరు ఎంత? 21. టెల్‌నెట్‌ది? 23. మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీది? 25. గైడ్‌లో ఉన్న పట్టిక చూసి బట్టీ పట్టేసే ఉంటారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ పాత సర్వీసులన్నిటికీ బేసి సంఖ్యలే ఎందుకొచ్చాయి? వీటి మధ్యలో 22 ఒక్కటి ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎలా దక్కింది? దీనికి జవాబు గైడ్‌లో దొరకదు. అది ఒక మనిషి జీవితంలో ఉంది.

ఆయన పేరు జాన్ పోస్టెల్. మన ఊళ్లలో ఒకప్పుడు కరణం గారుండేవారు. ఏ సర్వే నంబరు ఎవరిదో ఆయన పుస్తకంలో ఉంటేనే లెక్క. ఇంటర్నెట్‌కు దాదాపు మూడు దశాబ్దాలు పోస్టెల్ అలాంటి కరణం. మీరు ఇవాళ సర్వర్‌లోకి లాగిన్ అయినా, ఒక ఫైల్ అటు నుంచి ఇటు పంపినా ఆయన రాసిపెట్టిన లెక్కల మీదే నడుస్తున్నారు.

రెండక్షరాలకే ఆగిన లాగిన్

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఆల్టడీనాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాతి రోజుల్లో ఇంటర్నెట్ నిర్మాతలుగా పేరు తెచ్చుకున్న వింట్ సర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడి పిల్లలే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1966లో ఇంజినీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్ పూర్తిచేసి అక్కడే పరిశోధనలో చేరారు.

ప్రొఫెసర్ లియొనార్డ్ క్లైన్‌రాక్ ల్యాబ్‌లో అప్పుడే ఆర్పానెట్ పని మొదలైంది. దూరదూరంగా ఉన్న కంప్యూటర్లను కలిపే ప్రయోగం అది. 1969 అక్టోబరు 29 రాత్రి ఆ ల్యాబ్ నుంచి స్టాన్‌ఫోర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లోని కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వాలని చూశారు. లాగిన్ అన్న మాటలో మొదటి రెండక్షరాలు వెళ్లాయో లేదో, అవతలి సిస్టమ్ క్రాష్ అయిపోయింది. కాసేపటికి బాగుచేసి మళ్లీ ప్రయత్నిస్తే పనిచేసింది. ఇంటర్నెట్ చరిత్రలో మొదటి పని వెబ్‌సైటూ కాదు, వీడియో కాల్ కూడా కాదు. ఇక్కడి కీబోర్డుతో అక్కడి కంప్యూటర్‌ని నడపడం! మీరు ఇవాళ టెర్మినల్ తెరిచి చేస్తున్నదీ అదే.

రాసి పెట్టే పని ఎవరికి కావాలి?

ఆ ల్యాబుల్లో ఉన్నవాళ్లలో చాలామంది విద్యార్థులే. ఎలా చేయాలో చెప్పేవాళ్లు లేరు. అందుకే 1969 ఏప్రిల్‌లో స్టీవ్ క్రాకర్ ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఎవరికి ఏ ఆలోచన వచ్చినా కాగితం మీద పెట్టి, వరుస నంబరు వేసి, మిగతావాళ్ల అభిప్రాయం అడగాలి. వాటినే ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. ఇంటర్నెట్ నియమాలన్నీ ఈ పత్రాల్లోనే ఉన్నాయి.

కోడ్ రాయడానికి అందరూ ముందుకొస్తారు. కాగితాలు సరిచూసి, తప్పులు దిద్ది, వరుసలో పెట్టడానికి ఎవరొస్తారు? పోస్టెల్ వచ్చారు. ఆర్‌ఎఫ్‌సీల ఎడిటర్‌గా చనిపోయే దాకా ఆ పని వదల్లేదు. దాంతోపాటు ఇంకో బాధ్యత కూడా నెత్తినేసుకున్నారు. ఏ సర్వీసుకు ఏ నంబరో రాసుకోవడం. 1972 మేలో ఒక చిన్న ఆర్‌ఎఫ్‌సీ రాసి, ఈ నంబర్లు పంచడానికి ఒక మనిషి ఉండాలని, ఆ మనిషిగా తానే ఉంటే ఎలా ఉంటుందని సగం సరదాగా అడిగారు. ఎవరూ కాదనలేదు. ఆ పత్రంలో టెల్‌నెట్‌కి 1, ఫైల్ బదిలీకి 3, ఇంకోదానికి 5 అని ప్రతిపాదించారు.

అప్పుడు కూడా అన్నీ బేసి సంఖ్యలే, గమనించారా? ఆనాటి ఎన్‌సీపీ పద్ధతిలో ఒక కనెక్షన్ ఒకవైపే నడిచేది. పోవడానికొకటి, రావడానికొకటి కావాలి. అందుకే ఒక్కో సర్వీసుకు బేసి, సరి కలిపి ఒక జత నంబర్లు పోయేవి. తర్వాత వచ్చిన టీసీపీలో ఒకే కనెక్షన్ మీద రెండువైపులా మాట్లాడుకోవచ్చు. దాంతో చాలా సరి సంఖ్యలు ఖాళీగా మిగిలిపోయాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ 22 దగ్గరికి వద్దాం.

భాష తెలియని యంత్రాల మధ్య

1974లో పోస్టెల్ పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1977లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. పొడవాటి గడ్డం, కాళ్లకు చెప్పులు, సెలవు దొరికితే సియెరా నెవాడా కొండల్లో నడక. ఇదీ మనిషి. మీటింగుల్లో తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేసే రకం.

1981 సెప్టెంబరులో ఐపీ, టీసీపీ ప్రమాణాలు ఆయన సంపాదకత్వంలోనే వచ్చాయి. పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి నెట్‌వర్క్ మొత్తం ఎలా మారాలో ప్రణాళిక రాసిందీ ఆయనే. 1983 జనవరి 1న ఆ మార్పు జరిగింది. ఈమెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ ప్రమాణం కూడా ఆయన రాసిందే, 1982లో.

మన విషయానికొస్తే, 1983లో టెల్‌నెట్, 1985లో ఎఫ్‌టీపీ ప్రమాణాలను సహోద్యోగి జాయిస్ రేనాల్డ్స్‌తో కలిసి స్థిరపరిచారు. ఈ రెండింటి వెనకున్న ఆలోచన తెలిస్తే ఇంటర్వ్యూలో మీ జవాబు మిగతావాళ్ల జవాబులా ఉండదు.

టెల్‌నెట్ సంగతి చూడండి. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ టెర్మినల్ ఒక్కోలా ఉండేది. లైన్ ముగిసిందని ఒకటి ఒక గుర్తు పంపితే, ఇంకొకటి వేరే గుర్తు పంపేది. ప్రతి టెర్మినల్‌కీ ప్రతి కంప్యూటర్ భాషా నేర్పాలంటే అయ్యే పని కాదు. అందుకే నిజానికి ఎక్కడా లేని ఒక ఊహా టెర్మినల్‌ని నిర్వచించారు. ఇటువాళ్లు తమ భాషను ఆ ఊహా టెర్మినల్ భాషలోకి మారుస్తారు, అటువాళ్లు దాన్నుంచి తమ భాషలోకి మార్చుకుంటారు. అంతకుమించి ఏ సౌకర్యం కావాలన్నా ముందు అడగాలి. అవతలివాళ్లకు చేతకాకపోతే కాదంటారు, మాటలు మాత్రం ఆగవు.

ఎఫ్‌టీపీకి ఆద్యుడు మనవాడే. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అభయ్ భూషణ్ ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో దాని మొదటి ఆర్‌ఎఫ్‌సీ రాశారు. పద్నాలుగేళ్లపాటు ఎంతోమంది చేతుల్లో మెరుగులు దిద్దుకున్నాక పోస్టెల్, రేనాల్డ్స్ దానికి స్థిరరూపం ఇచ్చారు. ఇందులో మాటలకొక కనెక్షన్, సరుకుకొక కనెక్షన్. ఆదేశాలు 21 మీద నడుస్తాయి, ఫైల్‌కి 20ని కేటాయించారు. సర్వర్ ఇచ్చే ప్రతి జవాబుకీ మూడంకెల కోడ్ ఉంటుంది. మొదటి అంకె 2 అయితే పని అయినట్టు, 3 అయితే ఇంకా ఏదో కావాలని, 4 అయితే కాసేపాగి మళ్లీ రమ్మని, 5 అయితే ఇక కుదరదని. వెబ్‌లో మీకు కనిపించే 404 కూడా ఈ మూడంకెల పద్ధతి బాటలో వచ్చిందే.

పోస్టెల్ పేరుతో ఒక సూత్రం కూడా ఉంది. మనం పంపేటప్పుడు నియమం తప్పకూడదు, అవతలివాళ్లు పంపినదాంట్లో చిన్న లోపాలుంటే సర్దుకుపోవాలి. అన్ని రకాల యంత్రాలూ ఒకే నెట్‌వర్క్‌లో కలవగలిగాయంటే ఈ తీరు వల్లే. అయితే దీనివల్ల తప్పులు పేరుకుపోతాయని, భద్రతకు చేటని ఇప్పుడు వాదించే ఇంజినీర్లూ ఉన్నారు. ఇంటర్వ్యూలో ఈ రెండు వైపులూ చెప్పగలిగితే మంచిది.

22 వెనక కథ

టెల్‌నెట్‌లో, ఎఫ్‌టీపీలో ఒక పెద్ద లోపం ఉంది. పాస్‌వర్డ్ తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. ఒకరినొకరు ఎరిగిన పరిశోధకుల మధ్య అది సమస్య కాలేదు. నెట్‌వర్క్ లోకమంతా పాకాక అయింది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు తాతు యలోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. లాగిన్, ఫైల్ బదిలీ రెండూ రహస్య సంకేతాల్లోనే జరగాలన్నది ఆయన ఉద్దేశం. టెల్‌నెట్ 23కీ, ఎఫ్‌టీపీ 21కీ మధ్య 22 ఖాళీగా కనిపించింది. అది ఇప్పించమని పోస్టెల్ కార్యాలయానికి ఒక ఈమెయిల్ పెట్టారు. మర్నాడే జాయిస్ రేనాల్డ్స్ నుంచి జవాబు వచ్చింది, 22 మీదేనని. ఫీజు లేదు, సిఫార్సు లేదు, ఆఫీసుల చుట్టూ తిరగడం లేదు.

తాళాలు అప్పగించాల్సిన రోజు

ఇంత పెద్ద వ్యవస్థ ఒక్క మనిషి మీద ఉన్న నమ్మకంతో ఎంతకాలం నడుస్తుంది? తొంభైల్లో డొమైన్ పేర్లు కోట్ల డాలర్ల వ్యాపారమయ్యాయి. వాటి మీద పెత్తనం ఎవరిదన్న తగువు మొదలైంది. 1998 జనవరి 28న పోస్టెల్ ఒక పని చేశారు. ఇంటర్నెట్ చిరునామాలకు మూలమైన రూట్ సర్వర్లను నడిపేవాళ్లలో ఎనిమిది మందికి ఈమెయిల్ పంపారు. ఇకనుంచి ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీ సర్వర్ నుంచి కాకుండా, తమ ఇన్‌స్టిట్యూట్ సర్వర్ నుంచి వివరాలు తీసుకోమన్నారు. వాళ్లు మారుమాట లేకుండా మార్చేశారు. మామూలు జనానికి తేడా ఏమీ తెలియలేదు. వాషింగ్టన్‌లో మాత్రం కలకలం రేగింది. ప్రభుత్వం గట్టిగా అడగడంతో వారంలోపే పాత పద్ధతికి మార్పించారు. అదొక పరీక్ష మాత్రమేనని చెప్పారు. ఆయన హద్దు దాటారని కొందరన్నారు. ఇంటర్నెట్ ఏ ఒక్క ప్రభుత్వం సొత్తూ కాదని చూపించారని ఇంకొందరన్నారు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఆయనకు మాత్రం ఒకటి స్పష్టంగా తెలుసు. ఈ పుస్తకాలు తన తర్వాత కూడా నడవాలి. అదే ఏడాది ఐకాన్ అనే లాభాపేక్షలేని సంస్థ ఏర్పాటు కోసం చాలా శ్రమపడ్డారు. సెప్టెంబరు నెలాఖరున అది నమోదైంది. సరిగ్గా పదహారు రోజులకు, 1998 అక్టోబరు 16న, గుండె ఆపరేషన్ తర్వాత తలెత్తిన సమస్యలతో పోస్టెల్ కన్నుమూశారు. అప్పటికి వయసు 55. వింట్ సర్ఫ్ తన మిత్రుడికి రాసిన నివాళి కూడా ఒక ఆర్‌ఎఫ్‌సీగానే వెలువడింది. దాని నంబరు 2468. మనిషి పోయినా ఇంటర్నెట్ ఒక్క క్షణం ఆగలేదు. ఆయన పనితనానికి ఇంతకంటే సాక్ష్యం ఏముంటుంది?

ఇప్పుడు మీరేం నేర్చుకోవాలి?

పోస్టెల్ కాలం నుంచి ఈ పనిముట్లు చాలా మారాయి. ఉద్యోగానికి వెళ్లేముందు ఇవి తెలిసుండాలి.

• టెల్‌నెట్‌తో లాగిన్ అవ్వడం మానేయండి. ఏదైనా పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడ్డానికి మాత్రం పనికొస్తుంది. విండోస్‌లో అది విస్టా నుంచీ మొదట్లో ఆపేసే ఉంటుంది, కావాలంటే ఆన్ చేసుకోవాలి.

• 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని తీసేశాయి. ఎఫ్‌టీపీ లింకు బ్రౌజర్‌లో తెరుచుకోకపోతే కంగారుపడొద్దు.

• ఎఫ్‌టీపీఎస్, ఎస్‌ఎఫ్‌టీపీ ఒకటి కావు. మొదటిది పాత ఎఫ్‌టీపీకి టీఎల్‌ఎస్ రక్షణ తొడిగింది. రెండోది ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే వేరే ప్రోటోకాల్. చాలామంది తడబడేది ఇక్కడే.

• విండోస్ 10, 11లలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లోనే సాధన చేయొచ్చు. 2022లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఎస్‌సీపీ కమాండ్ కూడా లోపల ఎస్‌ఎఫ్‌టీపీనే వాడుతోంది.

• పుటీ, విన్‌ఎస్‌సీపీ, ఫైల్‌జిల్లా ఉచితం. వాటి అధికారిక సైట్ల నుంచే దించుకోండి, అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. 2024 ఏప్రిల్‌లో పుటీ 0.81 ఒక పెద్ద లోపాన్ని సరిచేసింది. దానికి ముందు వెర్షన్లలో ఒక రకం కీ వాడినవాళ్ల రహస్య కీ బయటపడే ప్రమాదం ఉండేది. అలాంటి కీలను పారేసి కొత్తవి చేసుకోవాల్సి వచ్చింది.

• ఎఫ్‌టీపీలో జిప్, ఫొటో ఫైళ్లను ఎప్పుడూ బైనరీ మోడ్‌లోనే పంపండి. టెక్స్ట్ మోడ్‌లో లైన్ ముగింపు గుర్తులు మారిపోయి ఫైల్ పాడవుతుంది.

• పెద్ద ఫోల్డర్‌ని మళ్లీ మళ్లీ కాపీ చేయాల్సొస్తే ఆర్‌సింక్ నేర్చుకోండి. మారిన భాగాల్ని మాత్రమే పంపుతుంది.

• ఆర్‌ఎఫ్‌సీ 959 ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్‌టీపీ ప్రమాణం అదే. ఒక ఆదివారం కూర్చుని చదవండి. ఏదో ఒక సర్వర్‌తో మాట్లాడుతూ ఆ మూడంకెల కోడ్లు సరిచూసుకోండి.

చివరిగా ఒక మాట. ఉద్యోగంలో చేరగానే కొత్తవాళ్లకు తరచూ వచ్చే పని కొత్త కోడ్ కాదు. డాక్యుమెంట్ సరిచేయడం, సర్వర్ల జాబితా రాసిపెట్టడం, పోర్టుల పట్టిక అప్‌డేట్ చేయడం. ఇదేం పని అని ముఖం చిట్లించుకోబోయే ముందు పోస్టెల్‌ని తలచుకోండి. ఎవరూ చేయని ఆ పనిని ఆయన శ్రద్ధగా చేశారు కాబట్టే, ఇంటర్వ్యూలో మీరు 21, 22, 23 అని ఠక్కున చెప్పగలుగుతున్నారు.