నమ్మి పంపిన గడియారములు: హాన్స్ విల్స్‌డార్ఫ్ జీవితము

యుద్ధకాలపు పాత చేతిగడియారములను సేకరించువారు నేడు పెక్కండ్రు గలరు. వారు మిక్కిలి మక్కువతో వెదకు గడియారములలో, వెల చెల్లింపక పూర్వమే యుద్ధబందీలకు పంపబడినవి కొన్ని యున్నవి. వానిని పంపిన హాన్స్ విల్స్‌డార్ఫ్ చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆయన 1881వ సంవత్సరమున జర్మనీదేశములోని బవేరియా యందు, కుల్మ్‌బాఖ్ పట్టణమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను కోల్పోయెను. బంధువులు కుటుంబపు ఇనుపసామాను వ్యాపారమును విక్రయించి, ఆ ధనముతో పిల్లలకు విద్య చెప్పించిరి. 1900లో ఆయన స్విట్జర్లాండునకు పోయి, గడియారములను ఎగుమతి చేయు వర్తకునియొద్ద గుమాస్తాగా కుదిరెను. దినదినము గడియారములకు కీ యిచ్చి, అవి సరిగా నడచుచున్నవో లేదో చూచుట కూడ ఆయన పనులలో నొకటి. 1905లో లండను నగరమున భాగస్వామితో గూడి స్వంత వర్తకము నారంభించెను. 1908లో రోలెక్స్ అను పేరును నమోదు చేయించెను.

ఆ కాలమున చేతిగడియారము స్త్రీల యాభరణముగా నెంచబడుచుండెను. అంత చిన్న యంత్రము సరియైన కాలము చూపజాలదని పలువురి నమ్మకము. విల్స్‌డార్ఫ్ వాదమునకు దిగక, తన గడియారమును పరీక్షకు పంపెను. 1914లో ఇంగ్లాండునందలి క్యూ పరిశీలనాలయమున 45 దినములు పరీక్షింపబడి, అది ప్రథమశ్రేణి యోగ్యతాపత్రమును పొందెను. ఆ యేటనే మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. నిర్ణీత నిమిషమునకు కందకము వీడి కదలవలసిన సైనికునకు జేబుగడియారము తీసి చూచుకొను వీలెక్కడిది? అట్లు చేతిగడియారము పురుషులకును ఆవశ్యకమయ్యెను. 1926లో ఆయన నీరును దుమ్మును చొరనీయని ఆయిస్టరు గడియారమును వెలువరించెను.

రెండవ ప్రపంచయుద్ధమున జర్మను శిబిరములలో బందీలైన బ్రిటిషువారు పలువురు తమ గడియారములను కోల్పోయిరి. అప్పటికి జెనీవాయందున్న విల్స్‌డార్ఫ్, జాబు వ్రాసి కోరిన వారికి గడియారములు పంపి, యుద్ధము ముగియువరకు వెల చెల్లింప నక్కరలేదని తెలియజేసెను. శిబిరమున చెప్పులు కుట్టుచుండిన యొక బందీ 1943లో జాబు వ్రాయగా, ఆ యేటనే గడియారము అతని చేతికి చేరెను. హామీ లేదు; బందీ బ్రదికి బయటపడునను నిశ్చయమును లేదు. ఇచ్చిన మాటయే పూచీ. యుద్ధము ముగియునని, తాము స్వేచ్ఛ పొందుదుమని ఒకడు నమ్ముచున్నాడని తెలిసినప్పుడు ఆ బందీలకు ఎట్టి ధైర్యము కలిగియుండునో ఊహింపవచ్చును.

1944లో భార్య మరణింపగా, సంతానము లేని ఆయన మరుసటి యేట ఒక ధర్మనిధిని స్థాపించి, తన వ్యాపారమును దానికి అప్పగించెను. 1960లో జెనీవాయందు దివంగతుడయ్యెను.

నేడు సేకర్తలు ఆ గడియారములతోపాటు నాటి జాబులను గూడ భద్రపరచుచున్నారు. గడియారమునకు విలువ కాలము తప్పకుండుటవలనను, మనుష్యునకు విలువ మాట తప్పకుండుటవలనను కలుగునని మన బాలబాలికలు ఈ చరిత్రమువలన గ్రహింతురుగాక.