శాసనమును సంఘమును: విద్యాసాగరుని చరిత్రము

శాసనము వెలువడిననాఁడే సంఘము మాఱునని కొందఱు నమ్ముదురు. సంఘము మాఱక శాసనము వ్యర్థమని మఱికొందఱు వాదింతురు. ఈ రెండును అర్ధసత్యములే యని తెలుపుటకు ఈశ్వరచంద్ర విద్యాసాగరుని చరిత్రమును మించిన నిదర్శనము మాకుఁ గానరాదు.

ఆయన 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీని వంగదేశమునందలి బీరసింహ గ్రామమున నిరుపేద బ్రాహ్మణకుటుంబమున జన్మించెను. కలకత్తా సంస్కృత కళాశాలలోఁ జదివి, 1851లో ఆ కళాశాలకే అధ్యక్షుఁడయ్యెను.

ఆ కాలపు న్యాయస్థానములు వితంతువు మరల వివాహమాడినచో నా వివాహము చెల్లదనియు, ఆమె సంతానము దాయమునకు అర్హము గాదనియు నెంచుచుండెను. కావున దయగల తండ్రి తన బాలవితంతువునకుఁ బెండ్లి చేయఁ దలంచినను చట్టమే అడ్డు నిలిచెడిది. విద్యాసాగరుఁడు ముందుగా సంఘమునకే తన వాదమును విన్నవించెను. 1855లో పరాశరస్మృతిని ఆధారముగాఁ గొని వంగభాషలో రెండు గ్రంథములు ప్రకటించెను. పిమ్మట ఇంచుమించు వేయిమంది చేవ్రాళ్లతో శాసనసభకు విజ్ఞాపన మంపెను. రాధాకాంతదేవుని పక్షమువారు ముప్పదివేలకు మించిన చేవ్రాళ్లతో ప్రతిఘటించిరి. అయినను 1856 జూలైలో పదునైదవ ఆక్టు వెలువడెను. అది ఎవ్వరిని నిర్బంధింపలేదు. మూసియున్న తలుపును దెఱచెను, అంతియే.

ఆ తలుపున బ్రవేశించువా రెవరు? ఆ యేఁడు డిసెంబరు 7వ తేదీని కలకత్తాలో శ్రీశచంద్ర విద్యారత్నుఁడు కాళీమతీదేవిని వివాహమాడెను. అట్టి వివాహముల వ్యయమును విద్యాసాగరుఁడు తానే భరించి ఋణములపాలయ్యెను. 1870లో ఆయన కుమారుఁడు నారాయణచంద్రుఁడును వితంతువునే పెండ్లాడెను. చట్టమునను లోప ముండెను: పునర్వివాహమాడిన స్త్రీ పూర్వభర్త యాస్తిపై హక్కును గోల్పోయెడిది. బహుభార్యాత్వనిషేధమునకై ఆయన చేసిన విజ్ఞాపనలు ఫలింపకుండఁగనే 1891 జూలై 29వ తేదీని ఆయన పరమపదించెను.

ఆ చట్టము మన యాంధ్రదేశమునకును వర్తించినదే. అయినను రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించునప్పటికి 1881 డిసెంబరు వచ్చెను. నడుమ ఇరువదియైదేండ్లు గడచెను. ఆ కాలమున చట్టము లేకపోలేదు. బహిష్కారమునకు వెఱవని పెద్దలే కఱవైరి. వారు కఱవైనంత కాలము ఎందఱో బాలికల జీవితములు చీకటింట గడచిపోయెను. 1983లో ఆ పాత చట్టము రద్దయ్యెను; అప్పటికి 1955 నాఁటి హిందూవివాహచట్టము ఆ హక్కును దనలోఁ జేర్చుకొనియుండెను.

కావున మంచి శాసనము పుట్టినదని విని మనము తృప్తినొంది యూరకుండరాదు. మన యింట, మన బంధువులలో దాని నెవ్వరు మొదట నాచరింతురో యని చదువరులు తమ్ముఁ దామే ప్రశ్నించుకొందురు గాక యని వేఁడుచున్నాము.