కాలువే రహదారి అన్న కాటన్ దొర

ధవళేశ్వరం: సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే గోదావరి వాసులకు ఆనకట్ట, పచ్చని వరిచేలు జ్ఞప్తికి వస్తాయి. అపర భగీరథునిగా ఆయనను కొలిచే డెల్టాలో ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహాలు వెలిశాయి. అయితే ఆయన తలపెట్టిన కాలువలు సాగునీటి కోసమే కాక, మనుషులను, సరకులను ఊరి నుంచి ఊరికి చేరవేసే రహదారులుగా కూడా రూపొందాయన్న సంగతి నేటి తరంలో కొద్దిమందికే తెలుసు. బస్సులు రాకపూర్వం అమలాపురం వంటి చిన్న పట్టణాలకు నమ్మకమైన ప్రయాణ సాధనం కాలువ పడవే.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. అడిస్కోంబ్ సైనిక కళాశాలలో చదివి, 1821లో మద్రాసు చేరి, ఇంజనీరుగా కొలువు ప్రారంభించారు. బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. అనంతరం తంజావూరు ప్రాంతంలో కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించి పేరు గడించారు. ఆ రోజుల్లోనే, 1837 ప్రాంతంలో, మద్రాసు సమీపాన రెడ్‌హిల్స్ నుంచి రోడ్ల పనులకు రాయి తరలించేందుకు పట్టాలు వేయించారు. దేశంలో తొలి రైలుమార్గంగా చరిత్రకారులు పేర్కొనేది దానినే. ముందుముందు రైళ్లకు బద్ధ విరోధిగా ముద్రపడిన వ్యక్తి చేతులమీదుగానే ఆ పని జరగడం విశేషం.

కరవు నేలకు పిలుపు

అప్పటి రాజమహేంద్రవరం జిల్లా దుస్థితి చెప్పనలవి కాదు. 1833 నాటి కరవు, 1839 నాటి ఉప్పెన జనాన్ని తుడిచిపెట్టాయి. 1821లో 7.38 లక్షలుగా ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. పక్కనే మహానది పారుతున్నా చేలకు నీరు లేదు. ఒక చోట ధాన్యం మిగిలినా మరొక చోటికి చేర్చే దారి లేదు. ఈ రెండో లోటును కూడా కాటన్ తీవ్రంగానే పరిగణించారు. నీరు లేక పంట పోవడం ఎంత నిజమో, బాట లేక ఆకలి చావులు పెరగడమూ అంతే నిజమన్నది ఆయన వాదన.

ఆయన సమర్పించిన నివేదికల ఆధారంగా 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు మొదలయ్యాయి. ధవళేశ్వరం కొండను తొలిచి, రాయిని పట్టాల మీద నది ఒడ్డుకు, అక్కడి నుంచి పడవల మీద పని స్థలానికి చేర్చారు. ఈ మహత్కార్యంలో వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలపై నాలుగు భాగాలుగా సాగిన నిర్మాణం 1852లో పూర్తయింది.

వాలు తగ్గించి, లాకులు కట్టి

కాలువలో నీరు ఉరకలు వేస్తే చేలకు ఇబ్బంది లేదు గాని పడవకు ఎదురు ప్రయాణం దుర్లభం. అందుకే కాలువల వాలు బాగా తగ్గించి, ఎత్తుపల్లాల తేడాను లాకుల వద్ద పరిష్కరించారు. పడవ లాకులోకి ప్రవేశించగానే వెనుక తలుపులు మూస్తారు. నీటిని నింపి గాని, వదిలి గాని ముందున్న కాలువ మట్టానికి తెచ్చిన పిదప ఎదుటి తలుపులు తెరుస్తారు. మెట్లు దిగినట్టు పడవ ఒక మట్టం నుంచి మరొక మట్టానికి మారుతుంది. పడవకు తాడు కట్టి లాగేవారు నడిచేందుకు కాలువ గట్టే బాటయింది. ఈ విధంగా గోదావరి డెల్టాలో 500 మైళ్లకు చేరువగా పడవ దారి ఏర్పడింది.

వైనతేయ పాయ మీదుగా గన్నవరం వద్ద 49 ఖానాలతో కట్టిన అక్విడెక్టు ఆ కాలపు ఇంజనీర్ల సాహసానికి నిదర్శనం. కాటన్ సహచరుడు హేగ్ ఆధ్వర్యంలో నిర్మితమైన ఆ వంతెన మీదుగా నీటితో పాటు పడవలూ సాగేవి. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ! తదుపరి కాలంలో పక్కనే నిర్మించిన కొత్త అక్విడెక్టుకు, ఆ సీమలో బాటసారులకు అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ పేరు పెట్టడం సముచితంగా ఉంది.

అమలాపురంలో పడవ ఎక్కినవారు లొల్ల లాకులు దాటి, బొబ్బర్లంక చేరి, ఆనకట్ట ఎగువన నిలిచిన నీటి మీదుగా ధవళేశ్వరం ఒడ్డుకు చేరుకునేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గెడ, అదీ చాలకుంటే గట్టు మీద తాడు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయల రాశుల నడుమే ప్రయాణికులు రాత్రంతా గడిపేవారు. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే పడవలకూ విశ్రాంతి లభించేది. పాలగుమ్మి పద్మరాజు రచించిన ప్రసిద్ధ కథ ‘పడవ ప్రయాణం’ ఇటువంటి ప్రయాణం చుట్టూ అల్లుకున్నదే.

కృష్ణానదిపై బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన పిదప ఏలూరు కాలువ రెండు డెల్టాలను కలిపింది. కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ తోడై కాకినాడ నుంచి మద్రాసు వరకు జలమార్గం సిద్ధించింది.

రైళ్లతో పోరు

1860లో స్వదేశం చేరిన కాటన్‌కు మరుసటి ఏడాది సర్ బిరుదు లభించింది. దేశమంతటా నదులను కాలువలతో అనుసంధానించి చౌక రవాణా కల్పించాలని ఆయన పట్టుబట్టారు. పేదల సరకుకు కావలసింది వేగం కాదని, తక్కువ కిరాయి అని వాదించారు. రైళ్లకు ధారపోస్తున్న సొమ్మును తప్పుపట్టారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట వాదన వినిపించినా ఫలితం దక్కలేదు.

ఆయన లెక్కలన్నీ నెగ్గలేదన్నదీ ఒప్పుకోవాలి. నౌకాయానాన్నీ ఆశించి ఒక కంపెనీ తవ్విన కర్నూలు - కడప కాలువకు అనుకున్న రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనుగోలు చేయవలసి వచ్చింది. జీవనదుల డెల్టాకు సరిపోయిన సూత్రం రాయలసీమ మెట్టకు అతకలేదు.

1893లో తూర్పు కోస్తా రైలు వచ్చింది. 1899 జులై 24న డోర్కింగ్‌లో కాటన్ తన 96వ ఏట కన్నుమూశారు. మరుసటి ఏడాదే రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై రైలు వంతెన అందుబాటులోకి వచ్చింది.

రైలు చేరని కోనసీమకు మాత్రం ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు కాలువ పడవే దిక్కయింది. రోడ్లు, బస్సులు పెరిగేకొద్దీ పడవలు తగ్గాయి. కాలువలపై ఎత్తు తక్కువ వంతెనలు లేచాయి. పూడిక, గుర్రపుడెక్క మిగతా పని పూర్తి చేశాయి. 1970లో చేపట్టి 1982లో ముగించిన కొత్త బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు. 2000-01లో మంజూరైన కోటిపల్లి - నర్సాపురం రైలుమార్గం 2024 నాటికీ పూర్తి కాలేదు. అమలాపురంలో నేటికీ బస్సుదే రాజ్యం.

కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువలను కలుపుతూ పుదుచ్చేరి వరకు సాగే మార్గాన్ని, గోదావరి, కృష్ణా నదుల్లోని కొంత భాగంతో సహా, కేంద్రం 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. దాని పొడవు వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఆ పటంలోని డెల్టా కాలువలు చాలావరకు కాటన్, ఆయన అనుచరులు గీసిన గీతలే. లాకులు తలుపులు మూసుకుని అలాగే నిలిచి ఉన్నాయి.