నాదయోగి ద్వారం వెంకటస్వామినాయుడు

వయొలిన్ మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. ఐరోపా నుండి వచ్చిన ఈ వాద్యాన్ని 19వ శతాబ్ది తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితులు మొదలైన విద్వాంసులు కర్ణాటక సంగీతానికి అనువుగా మలచుకున్నారు. అయినా చాలాకాలం అది పక్కవాద్యంగానే ఉండిపోయింది. గాయకుని గళాన్ని అనుసరించడమే వయొలిన్ విద్వాంసుని ముఖ్యధర్మంగా భావించేవారు. అటువంటి వాద్యంతోనే కచేరీ మొత్తాన్ని నడిపి శ్రోతలను పరవశింపజేసిన వారిలో అగ్రగణ్యులు ద్వారం వెంకటస్వామినాయుడు.

నాయుడు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో పనిచేశారు. ఆయన ఉద్యోగ విరమణానంతరం కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. చిన్ననాటి నుండి నాయుడుకు కంటిచూపు మందం. ఆ కారణంగా బడిచదువు సాగడం కష్టమైంది. అన్నగారైన వెంకటకృష్ణయ్యే ఆయనకు తొలిగురువై వయొలిన్ నేర్పారు. చదువుకు దూరమైన బాలునికి సంగీతమే దిక్కయింది.

వీణకు మెట్లుంటాయి. వయొలిన్‌కు ఉండవు. తీగపై స్వరస్థానాన్ని వ్రేలు వెదుక్కోవాలి. అది సరియైనదో కాదో చెవి తేల్చాలి. వ్రేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరం పలుకుతుంది. చూపు సహకరించని నాయుడు తన చెవినే గురువుగా చేసుకొని గంటల తరబడి సాధన చేశారు. ఆయన సాధనలో యాంత్రికతకు తావు లేదు. కమాను వేగం, ఒత్తిడి మారినప్పుడు నాదం ఎలా మారుతున్నదో శ్రద్ధగా గమనించేవారు. పాశ్చాత్యుల కమాను పద్ధతులను కూడ పరిశీలించి, మన రాగాలకు తగినంత మేరకే స్వీకరించారు. గాత్రంలోని గమకాలను, కొనసాగింపును తీగపై పలికించడం ఆయన ప్రత్యేకత.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరదలచి వెళ్లిన నాయుడు వాదనాన్ని విని, ఆయనకు ఏకంగా ఆచార్యపదవినే ఇచ్చారని ప్రసిద్ధి. 1936లో నారాయణదాసు అనంతరం నాయుడు కళాశాలకు అధ్యక్షులయ్యారు. కుమార్తె ద్వారం మంగతాయారుతో సహా ఎందరినో విద్వాంసులుగా తీర్చిదిద్దారు.

కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి పెద్దపీట ఉన్నది. రాగాలాపన, నెరవు, స్వరకల్పన విద్వాంసుడు వేదికపై అప్పటికప్పుడు కల్పించేవి. ఈ స్వేచ్ఛ రాగలక్షణానికి లోబడి ఉండాలి. కల్పన మనస్సులో మెరిసిన క్షణంలోనే వ్రేళ్లు దానిని పలికించాలి. ఏళ్ల తరబడి సాధన చేసిన చేతికే అది సాధ్యం. పక్కవాద్యంగా పరిమితమైన వయొలిన్‌ను ఏకవాద్య కచేరీల స్థాయికి చేర్చడంలో నాయుడుకు తోడ్పడినది ఈ శక్తియే.

మద్రాసు సంగీత అకాడమీ 1941లో ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చింది. 1952లో భారతదేశానికి వచ్చిన విశ్వవిఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాదనం విని ముగ్ధుడైనాడు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న నాయుడు పరమపదించారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలాశాఖ ఆయన స్మృత్యర్థం తపాలాబిళ్లను విడుదల చేసింది.

నాయుడు కాలంలో సంగీతం నేర్వగోరేవారు గురువును వెదుక్కుంటూ ఊళ్లు దాటి వెళ్లవలసివచ్చేది. నేడు హైదరాబాదులోని ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఉన్న విద్యార్థి ఇల్లు కదలకుండానే మహావిద్వాంసుల వాదనాన్ని వినగలడు. వినడం సులభమైంది, విన్నదానిని తనదిగా చేసుకోవడం మాత్రం నాటివలెనే కష్టసాధ్యం. ఇతరులను అనుకరించడంతో ఆగిపోక, తన వాద్యం పలికే ప్రతి స్వరాన్నీ తానే విని, తానే దిద్దుకొనే విద్యార్థిలో సృజన మొలకెత్తుతుంది. చూపు కరవైనా నాదాన్ని నమ్ముకొని ఎదిగిన ద్వారం వెంకటస్వామినాయుడు జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.