పంటివైద్యుడు హోరేస్ వెల్స్

చల్లని నీరు తగిలినంతనే పండ్లు జివ్వుమను పిల్లవానిని దంతవైద్యుని కుర్చీలో కూర్చుండబెట్టుట ఎంత కష్టమో తల్లిదండ్రులకు తెలియును. నేడు అనేకచోట్ల అట్టి బాలుని ముక్కుపై చిన్న తొడుగు నుంచి, ప్రాణవాయువుతో కలిపిన నైట్రస్ ఆక్సైడును పీల్పింతురు. వాడు నిద్రపోడు, మాటలాడుచునే యుండును. భయము సడలును. పిదప చిగురు మొద్దుబారుటకు సూదిమందు వేయుట సులభమగును. ఈ వాయువును పంటివైద్యమునకు తెచ్చినవాడు అమెరికా దేశీయుడగు హోరేస్ వెల్స్.

1815 జనవరి 21న వెర్మాంట్ రాష్ట్రమున జన్మించిన వెల్స్, కనెక్టికట్ రాష్ట్రములోని హార్ట్‌ఫర్డ్ నగరమున వైద్యము సాగించెను. నైట్రస్ ఆక్సైడు నొప్పిని అణచునని ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1800లోనే వ్రాసియుండెను. చిత్రమేమనగా, ఆ మాటను వైద్యులు చెవిని బెట్టలేదు. వాయువు జనులను నవ్వించు వినోదముగనే మిగిలెను. 1844 డిసెంబరు 10వ తేదీ రాత్రి కోల్టన్ అనునతడు హార్ట్‌ఫర్డులో అట్టి ప్రదర్శన మొకటి జరిపెను. వాయువు పీల్చి గంతులు వేసిన యువకు డొకనికి కాలు గాయపడినను ఆ సంగతియే తెలియలేదు. వెల్స్ దానిని గమనించెను. మరునాడే, ఇతరులపై ప్రయోగింపక, తానే కుర్చీలో కూర్చుండి కోల్టన్ ఇచ్చిన వాయువును పీల్చి, తోటి వైద్యుడు రిగ్స్ చేత తన దవడపన్నును తీయించుకొనెను. బాధ తోచలేదు.

పలువురు రోగులకు అట్లే చేసిన మీదట, 1845 జనవరిలో బోస్టను వెళ్లి వైద్యవిద్యార్థుల యెదుట పన్ను తీసి చూపెను. వాయుసంచిని వేళకు ముందే తొలగించుటచే రోగి కేక వేసెను. తనకు అంత నొప్పి కలుగలేదని అతడు పిమ్మట చెప్పినను ఎవరు విందురు? మోసమని సభ యంతయు ఎగతాళి చేసెను.

1846 అక్టోబరు 16న అదే నగరమున, వెల్స్‌కు శిష్యుడును కొంతకాలము భాగస్వామియు నైన మోర్టన్ ఈథరుతో విజయము పొంది కీర్తి గడించెను. ఎవరు ముందన్న వివాదము వెల్స్‌ను క్రుంగదీసెను. క్లోరోఫారమును తనపైనే ప్రయోగించుకొనుచు మతి చలించి, న్యూయార్కు వీధిలో స్త్రీలపై ఆమ్లము చల్లి చెరసాల పాలయ్యెను. తెలివి వచ్చిన పిదప ఆ అవమానమును భరింపలేక 1848 జనవరి 24న అచటనే ప్రాణము తీసికొనెను. ముప్పదిమూడేండ్లు నిండి మూడు దినములే అయ్యెను. పారిస్ వైద్యసంఘము తనను గౌరవించిన వార్త ఆయన మరణానంతరము చేరెను.

1863లో కోల్టనే ఆ వాయువును దంతవైద్యములో తిరిగి ప్రవేశపెట్టెను. మరుసటి యేడు అమెరికా దంతవైద్యసంఘము నొప్పి నణచు పద్ధతిని కనుగొన్నవాడు వెల్సేయని అంగీకరించెను. ఆయన ఎరిగినది ఉత్త వాయువే. దానికి ప్రాణవాయువు కలుపు విధమును 1868లో షికాగో శస్త్రవైద్యుడు ఎడ్మండ్ ఆండ్రూస్ తెలిపెను.