మహబూబ్ అలీ పాషా - వెయ్యి పౌండ్ల పరీక్ష

దక్కన్‌ను పాలించిన ఆసఫ్‌జాహీ నవాబులలో ప్రజల నోళ్లలో ఎక్కువగా నానిన పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ది. ఆయన వేట గురించి, దుస్తుల గురించి, దానధర్మాల గురించి కథలు కోకొల్లలు. ఆయన చెప్పులో దొరికిందని చెప్పే జాకబ్ వజ్రం కథ మన పిల్లలకు కూడా తెలుసు. అయితే వైద్యశాస్త్ర చరిత్రలో హైదరాబాద్ పేరు ఆయన మూలంగా లోకమంతా మారుమోగిన సంగతి మనలో చాలామందికి తెలియదు. మా కోయిలకుంట్ల సీమ 1800లోనే నిజాం చేతి నుంచి ఆంగ్లేయుల చేతికి పోయింది. దత్త మండలాలన్న పేరు అప్పటిదే. రాజ్యం చేతులు మారినా హైదరాబాద్ నవాబుల ముచ్చట్లు మాత్రం ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా సాగుతూనే ఉన్నాయి. ఆ ముచ్చట్లలో చేర్చుకోవలసినది ఇది.

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో జన్మించారు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణించేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. పసివాడిని గద్దెపై కూర్చోబెట్టి, మొదటి సాలార్‌జంగ్, షంసుల్ ఉమ్రా రాజ్యభారం మోశారు. సాలార్‌జంగ్ 1883లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, పద్దెనిమిదేళ్లయినా నిండకముందే, యువ నిజాం పూర్తి అధికారాలు చేపట్టారు.

అప్పటికే హైదరాబాద్‌లో ఒక వైద్య పాఠశాల ఉంది. దాన్ని నాల్గవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో 1846లో స్థాపించారు. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించేవారు. నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ రెసిడెన్సీ వైద్యుడిగా వచ్చి, ఈ పాఠశాల బాధ్యత కూడా చేపట్టారు. ఆయన చదివింది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో. ఆయన వెంట ఒక పెద్ద వివాదం కూడా హైదరాబాద్‌కు వచ్చింది.

ఆ వివాదం క్లోరోఫాం గురించి. ఎడిన్‌బరోకు చెందిన జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో ఈ మత్తుమందును వాడుకలోకి తెచ్చారు. కత్తికోత నొప్పి తెలియకుండా చేసిన ఈ మందును జనం వరంగా భావించారు. కానీ మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు శస్త్రచికిత్స కోసం క్లోరోఫాం పీలుస్తూనే మరణించింది. ఆ తరువాత అలాంటి మరణాలు ఒకటొకటిగా బయటపడుతూ వచ్చాయి. మందు గుండెను ఆపుతున్నదా, శ్వాసను ఆపుతున్నదా? నాడి చూడాలని లండన్ వైద్యులలో ఎక్కువమంది, ఊపిరి చూస్తే చాలునని ఎడిన్‌బరో వర్గం వాదించుకున్నారు. ఇది పండితుల కాలక్షేపం కాదు. మత్తు ఇచ్చే మనిషి కన్ను ఎక్కడ ఉండాలన్నదానిపై బల్లపై పడుకున్న రోగి ప్రాణం ఆధారపడి ఉంది.

లారీ ఊపిరి పక్షం. నిజాం ప్రభుత్వ సహాయంతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. కుక్కలపై ప్రయోగాలు చేసి, శ్వాస ఆగిన తరువాతే గుండె ఆగుతున్నదని తేల్చారు. లండన్‌లోని ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ ఈ తీర్పును సందేహించింది.

మామూలు ప్రభువైతే ఆ సందేహాన్ని అవమానంగా తీసుకునేవాడు. మహబూబ్ అలీ ఖాన్ అలా చేయలేదు. సందేహించినవారే వచ్చి స్వయంగా చూసుకోవాలని, అందుకు వెయ్యి పౌండ్లు ఇచ్చారు. లాన్సెట్ తన ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుణ్ణి పంపింది. 1889 చివరి నెలల్లో రెండవ కమిషన్ పనిచేసింది. ఈసారి నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగాయి. క్లోరోఫాం గుండెపై అపనమ్మకంతో వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీ మాటే ఒప్పుకున్నారు. 1890లో ఫలితాలు అచ్చయ్యాయి. నాడి చూడనక్కరలేదు, ఊపిరి చూస్తే చాలునన్నది వాటి సారాంశం. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇవ్వడంలో నైపుణ్యం సాధించి, మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరిగా పేరు పొందారు.

ఇక్కడితో కథ ముగిస్తే అది పొగడ్త మాత్రమే అవుతుంది. సత్యం ఇంకా ముందుకు వెళ్లింది. 1893లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు గాస్కెల్, షోర్ తమ ప్రయోగాలతో హైదరాబాద్ నిర్ణయాన్ని విమర్శించారు. అదే ఏడాది లాన్సెట్ ప్రచురించిన మరో పరిశీలన ఆసుపత్రులలోని మరణాలనే లెక్కకు తీసుకుని, గుండె ముందుగా ఆగిన సందర్భాలున్నాయని చూపింది. చివరకు 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులపై ప్రయోగాలు చేసి చిక్కుముడి విప్పారు. మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణికి, ఉన్నట్టుండి ఆగిపోగలదని ఆయన నిరూపించారు.

మరి నాలుగు వందల జంతువుల సాక్ష్యం ఎక్కడ తప్పింది? అబద్ధమాడినవారు ఎవరూ లేరు. ప్రయోగాలలో జంతువులకు ఎక్కువగా లోతైన మత్తు ఇచ్చారు. లోతైన మత్తులో ముందు ఆగేది శ్వాసే. కానీ ఆసుపత్రిలో హఠాత్తుగా పోయిన రోగులలో చాలామంది మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే, భయంతో గుండె దడదడలాడుతుండగా పోయారు. అంటే అడిగిన ప్రశ్న ఒకటి, జవాబు దొరికిన ప్రశ్న మరొకటి. పైగా కమిషన్‌కు పెద్ద లారీయే. ఏ వాదాన్ని పరీక్షించాలో ఆ వాదం ఆయనదే. తన చేతి మీదుగా వేలమందికి మత్తు ఇచ్చినా ప్రమాదం జరగలేదన్న నమ్మకం కూడా ఆయనను కదలనివ్వలేదు. అరుదుగా వచ్చే అపాయం ఒక్కరి అనుభవంలో కనబడకపోవచ్చునని ఆయనకు తోచలేదు. పరీక్షల సంఖ్య పెద్దదైనంత మాత్రాన తీర్పు పెద్దది కాదు.

మహబూబ్ అలీ పాషా పేరుతోనే ఇలాంటి మరో పాఠం ఉంది. పాము కరిచినవాడు ఆయన పేరు చెప్పి మొరపెట్టుకుంటే విషం దిగుతుందని జనం నమ్మేవారు. పాము కాటుకు గురైనవారు ఏ వేళప్పుడైనా ఆయన వద్దకు రావచ్చునని కూడా చెప్పుకునేవారు. నవాబు కరుణకు అది గుర్తే కావచ్చు. కానీ ఆలోచించండి. పాములలో ఎక్కువ భాగం విషం లేనివి. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. బతికినవాడు ఊరంతా తిరిగి నవాబు పేరు చెప్పుకుంటాడు. చనిపోయినవాడు వచ్చి చెప్పడు. బతికినవారినే లెక్కపెడితే ఏ మంత్రమైనా పనిచేసినట్టే కనిపిస్తుంది. మా వైపు జొన్న చేలల్లో, శనగ చేలల్లో పాము కాటు కొత్త కాదు. కరిచిన వెంటనే విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. మంత్రం వేయించడానికి పోయిన గంట తిరిగి రాదు.

ఆయన పాలనలోనే, 1897 ఆగస్టులో, సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ సంగతి ఎందుకు నిలిచింది? మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై రాస్, మనుషులపై ఇటలీ శాస్త్రవేత్తలు విడివిడిగా పరిశీలించారు. ఎవరు చూసినా దోమే దోషిగా తేలింది. ఒకే నేల నుంచి బయలుదేరిన రెండు మాటలలో ఒకటి ఇతరుల పరీక్షలో గెలిచింది, మరొకటి పూర్తిగా గెలవలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు మహబూబ్ అలీ పాషా నిరాశ్రయులకు తన భవనాల తలుపులు తెరిచారు. తండ్రి పేరున వెలసిన అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆ వరదలో దెబ్బతిన్నది. 1911 ఆగస్టు 29న, నలభై అయిదేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉంది. లెవీ జవాబు వెలువడింది కూడా ఆ సంవత్సరమే.

మదర్సాలో హదీసు చదివే విద్యార్థికి మొదట నేర్పేది సనద్ చూడడం. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఆ మనిషి జ్ఞాపకశక్తి ఎలాంటిది, అదే మాట మరో దారిన వచ్చిందా అని విచారించాలి. ఎంత గొప్పవాడు చెప్పినా ఈ విచారణ తప్పదు. వైద్య పరిశోధన చదివే వైద్యుడి పని కూడా ఇంతకంటే భిన్నం కాదు. పరీక్ష ఎవరిపై జరిగింది? వారు నా ఎదుట ఉన్న రోగి లాంటివారేనా? మందు ఇవ్వనివారితో పోల్చి చూశారా? మరణించినవారిని, మధ్యలో మానుకున్నవారిని లెక్కించారా? డబ్బు ఎవరిది? వేరేవారు మళ్లీ చేసి చూశారా? లారీ కాలంలో ఆ వ్యాసాలు పెద్ద నగరాల గ్రంథాలయాల్లో తప్ప దొరికేవి కావు. ఈనాడు పబ్‌మెడ్ వంటి సూచికలో వాటి సారాంశాలను పల్లెటూరి వైద్యుడు కూడా చేతిలోని ఫోనులో ఉచితంగా వెదకవచ్చు. దొరకడం తేలికైంది గాని తూచడం తేలిక కాలేదు.

ఈనాడు శస్త్రచికిత్స బల్లపై రోగి వేలికి చిన్న క్లిప్పు తగిలిస్తారు. అది నాడిని లెక్కిస్తుంది, రక్తంలోని ప్రాణవాయువును కూడా చూపిస్తుంది. లండన్‌వారి నాడి, ఎడిన్‌బరోవారి ఊపిరి రెండూ అందులోనే ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా కొత్త మందు రాసినప్పుడు, పరిశోధనలో రుజువైందని పత్రికలోనో టీవీలోనో విన్నప్పుడు, ఎవరిపై రుజువైందని మర్యాదగా అడగండి. అడగడం వైద్యుణ్ణి అవమానించడం కాదు. సందేహించినవారిని ఖర్చులిచ్చి మరీ పిలిపించిన నవాబు మన దక్కన్‌లోనే ఉన్నాడు.